ఉత్తేజక ద్రవ్యములు — మెదడునందలి డోపమిను వార్త

మన పావగడ తాలూకా ఒక వింత నేల. పాలనచే కర్ణాటకమునకును, తుమకూరు జిల్లాకును చెందినది. మూడు వైపులను ఆంధ్రదేశపు పొలిమేర గలది. ఇంటిలోని మాట తెలుగు. కచేరిలోని మాట కన్నడము. ఇచ్చటి పిల్లలు ఒకే దినమున రెండు లిపులను వ్రాయుదురు, రెండు భాషలలో లెక్కపెట్టుదురు. అయినను దేహమునకును మెదడునకును సంబంధించిన శాస్త్రవిషయములను వారి ఇంటిమాటలో విడమరచి చెప్పువారు అరుదు. ఆ కొఱతను కొంచెమైనను తీర్చవలెనను కోరికయే ఈ వ్యాసమునకు మూలము.

నేను వైద్యుడను గాను, రసాయన శాస్త్రజ్ఞుడను గాను. భాషాల్పసంఖ్యాకుల పాఠశాలలో తెలుగు బోధించువాడను. నన్ను ఈ విషయమువైపు మరల్చినవాడు ఒక విద్యార్థి. పదవ తరగతి చదువుచు, ఉదయపు మొదటి గంటలోనే బల్లపై తల వాల్చుచుండెడివాడు. నేను అతనిని సోమరియని తలచితిని; తరగతిలో పదిమంది యెదుట ఆ మాట అంటిని కూడ. ఒకనాడు అతని జేబునుండి పొగాకు కలిసిన వక్కపొడి పొట్లము జారిపడినది. ‘ఏమిరా ఇది?’ యని అడుగగా అతడు తల వంచుకొని, ‘రాత్రి మూడు ఫేసుల కరెంటు వస్తాది సార్. మోటారు కాడ మేలుకోవల్ల. ఇది నోట్లో పెట్టుకుంటే నిద్ర రాదు’ అనెను. కొన్ని నెలల పిమ్మట అతడే వచ్చి, ‘మానాలనే ఉంది సార్. సాయంత్రమయ్యేసరికి మనసు దానిమీదికే పోతాది. ఇప్పుడు రుచి గూడ లేదు. అయినా పోతాది’ అనెను.

‘మనసు గట్టి చేసికొమ్ము’ అని నేను సులభముగ చెప్పి పంపితిని. కాని ఆ మాట నన్ను విడువలేదు. రుచి లేని వస్తువుపై మనసు ఏల పోవలెను? ఏది ‘పోవుచున్నది’? ఈ ప్రశ్నకు గత డెబ్బదియేండ్ల శాస్త్రపరిశోధన చెప్పిన సమాధానము తల్లిదండ్రులును ఉపాధ్యాయులును తెలిసికొనదగినది.

దూలగొండి, సర్పగంధి

ఈ కథకు మన పొలముగట్లకును దూరపు చుట్టరికము కలదు. దూలగొండి తీగను ఎఱుగని పల్లెవాడు లేడు. దాని కాయపైని నూగు తగిలినచో ఒడలంతయు దురద. ఆ కాయలోని గింజలనుండి 1937లో మద్రాసునందు దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు ‘ఎల్-డోపా’ అను పదార్థమును వేఱుపఱచిరి. ఈ డోపాయే దేహములో ఒక చిన్న మార్పు పొంది డోపమిను అగును. డోపమినును ప్రయోగశాలలో కృత్రిమముగ తయారుచేయుట 1910లోనే లండనునందు జరిగినది. కాని అది మెదడులో స్వతంత్రముగ ఒక పని చేయునని ఎవరును చాలకాలము తలపలేదు. వేఱొక రసాయనము తయారగుటలో నడిమి మెట్టుమాత్రమే యనుకొనిరి.

రెండవ చుట్టము సర్పగంధి. మన వైద్యులు ఉన్మాదమునకును నిద్రలేమికిని తరతరములుగ వాడుచువచ్చిన మూలిక ఇది. దీనినుండి 1952లో స్విట్జర్లాండు దేశమున రెసర్పిను అను సారమును తీసిరి. 1957లో స్వీడను దేశీయుడగు ఆర్విడ్ కార్ల్‌సన్ ఈ సారమును కుందేళ్ల కిచ్చెను. అవి కదలక మెదలక, చెవులు వ్రేలవేసి, రాళ్లవలె పడియుండెను. పిమ్మట వానికి డోపాను సూదిమందుగ ఇవ్వగా కొలది నిమిషములలో లేచి తిరుగసాగెను. రెసర్పిను మెదడులోని డోపమిను నిలువలను ఖాళీ చేసినది. డోపా ఆ నిలువలను మరల నింపినది. చలనమునకును చురుకుదనమునకును డోపమినే ఆధారమని అప్పుడు తేటపడినది. వియన్నా నగరమున హోర్నికీవిచ్ అను పండితుడు 1960లో, వణకురోగముతో మరణించినవారి మెదడులో డోపమిను మిక్కిలి తగ్గియున్నదని చూపెను. మరుసటి సంవత్సరమే ఆ రోగులకు డోపా ఇచ్చుట మొదలైనది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమానము లభించినది.

కాలువ, తూము, మోటారు

మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. వానిలో డోపమినును తయారుచేయునవి మెదడు నడిమి భాగమున నున్న నాలుగైదు లక్షలు మాత్రమే. కాని ఒక్కొక్క కణము యొక్క కొమ్మలు అతివిస్తారముగ పాఱి, కోరికను, కదలికను, ఆలోచనను నడపు భాగముల నన్నిటిని అంటియున్నవి. ఊరిలో తలారి యొక్కడే అయినను, అతని దండోరా ప్రతి యింటికిని వినబడునుగదా!

ఒక నాడీకణము మఱియొక కణమును నేరుగ తాకదు. రెంటి నడుమ మిల్లీమీటరులో యాబదివేలవ వంతు వెడల్పు గల సందు ఉండును. ఈ సందును మన మళ్ల నడిమి సన్నని కాలువగ భావింపుడు. ఇవతలి రైతు తన తొట్టిలోని నీటిని కాలువలోనికి వదలును. అవతలి గట్టున తూములు, వానియొద్ద కాపరులు ఉందురు. నీరు తగిలినవెంటనే కాపరి లోపలికి కబురు పంపును. కబురు చేరిన పిమ్మట ఇవతలి రైతు ఒక మోటారును నడపి, కాలువలోని నీటిని తిరిగి తన తొట్టిలోనికి తోడుకొనును. కాలువ ఎండును, తరువాతి కబురునకు సిద్ధమగును.

ఇందు నీరు డోపమిను. తొట్టెలు కణములోని సూక్ష్మమైన తిత్తులు. తూముకాపరులు ‘గ్రాహకములు’ అనబడు మాంసకృత్తులు. డోపమినుకు ఇట్టివి ఐదు రకములు కలవు. మోటారు కూడ ఒక మాంసకృత్తియే. అది విడిచిన డోపమినును వెనుకకు చేర్చును. వార్తకు విలువ నిచ్చునది ఈ తడియుటయు, వెంటనే ఎండుటయు. ఎల్లవేళల నిండియుండు కాలువ ఏ కబురును చెప్పజాలదు.

ఆ వార్త యేమి?

డోపమినును ‘ఆనంద రసాయనము’ అని పత్రికలలో వ్రాయుట వాడుకయైనది. ఈ మాట సగము సత్యము మాత్రమే. దీనిని సరిదిద్దినవి వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అను శాస్త్రజ్ఞుడు కోతులతో చేసిన ప్రయోగములు. కోతికి అనుకొనని వేళ పండ్లరసపు చుక్క నోటిలో పడినచో డోపమిను కణములు ఒక్కసారిగ స్పందించెను. రసమునకు ముందు ప్రతిమారు ఒక దీపము వెలిగించుచుండగా, కొంత కాలమునకు కణములు రసమునకు స్పందించుట మాని, దీపమునకే స్పందింపసాగెను. దీపము వెలిగియు రసము రాకున్నచో, రావలసిన ఆ క్షణమున కణముల స్పందన మామూలుకంటె తగ్గిపోయెను. 1997లో ఆయన ఇద్దఱు సహకారులతో కలిసి దీని అర్థమును వివరించెను: డోపమిను చెప్పు వార్త ‘సుఖము కలిగినది’ యని కాదు; ‘అనుకొన్నదానికంటె మేలు జరిగినది’ లేక ‘అనుకొన్నదానికంటె తక్కువైనది’ యని.

మా బడిలో మధ్యాహ్నభోజనపు గంటను తలచుకొనుడు. క్రొత్తగ చేరిన పిల్లవానికి ఆ గంట వట్టి చప్పుడు. అన్నము కనబడినప్పుడే ముఖము వికసించును. వారము గడచునప్పటికి గంట మ్రోగగానే కన్నులు మెఱయును. ఒకనాడు చెప్పకుండ పాయసము వడ్డించినచో ఆ పిల్లవాడు ఆ దినమును నెలదాక మఱవడు. గంట మ్రోగియు అన్నము ఆలస్యమైనచో ఎంత నీరసించునో నేను చెప్పనక్కఱలేదు. ఏది విలువైనదో, దేని వెంట పోవలెనో, దేనిని జ్ఞాపకముంచుకొనవలెనో మెదడు ఈ విధముగనే నేర్చుకొనును. కావున డోపమిను మెదడులోని ఉపాధ్యాయుడు. సరియైన ఉత్తరమునకు ‘భేష్’ అనుచు, తప్పునకు మౌనము వహించుచు, అది మనకు లోకమును బోధించుచున్నది.

ఉత్తేజక ద్రవ్యముల హాని అంతయు ఇచ్చటనే యున్నది. అవి ఈ ఉపాధ్యాయుని నోటిని తమ వశము చేసికొని, ఏ మేలును జరుగకయే ‘భేష్, భేష్’ అనిపించును.

నాలుగు మార్గములు

ఉత్తేజకములన్నియు డోపమిను వార్తనే పెంచును గాని, పెంచు మార్గములు వేఱు. నాలుగింటిని చెప్పెదను.

మొదటిది కొకెయిను. దక్షిణ అమెరికా కొండలలోని కోకా ఆకునుండి 1860 ప్రాంతమున జర్మనీ దేశమున దీనిని వేఱుపఱచిరి. ఇది మెదడులోనికి చేరి, మన పోలికలోని మోటారును పట్టి ఆపివేయును. విడిచిన డోపమిను వెనుకకు పోలేక కాలువలోనే నిలిచిపోవును. తూముకాపరులు ఒకే కబురును మాటిమాటికి లోపలికి పంపుచుందురు.

రెండవది ఆంఫెటమిను. 1887లో జర్మనీలో ఎదెలియాను అను రుమానియా దేశీయుడు దీనిని మొదట తయారుచేసెను. దీనికి తోబుట్టువగు మెథాంఫెటమినును 1893లో జపానునందు నగాయి అను పండితుడు, ఎఫెడ్రా మూలికా సారమునుండి చేసెను. వీని పని కొకెయినుకంటె విపరీతము. ఇవి మోటారు గొట్టము గుండనే కణములోనికి దూఱి, తిత్తులలో భద్రముగ నున్న డోపమినును బయటికి చిమ్మించి, మోటారును వెనుకకు త్రిప్పును. లోపలికి తోడవలసిన యంత్రము బయటికి తోడుటకు మొదలిడును. కబురు లేని వేళను కాలువ పొంగి పొరలును. రెండవ ప్రపంచయుద్ధమున సైనికులు నిద్రపోకుండుటకై పలు దేశములు వీనిని వాడినవి. యుద్ధానంతరము జపానులో మిగిలిన నిలువలు బజారునకు వచ్చి యువజనులను ఎంతగ పట్టుకొనెననగా, 1951లో ఆ దేశము ప్రత్యేక శాసనము చేయవలసివచ్చెను. నిద్రను జయించుటకై మొదలైన వాడుక అది. మోటారు కాడ కూర్చున్న మా పిల్లవాని కథకు పెద్ద రూపము.

మూడవది నికొటిను. ఇది మన యింటి శత్రువు. పొగాకు తెలుగుదేశమున గొప్ప పైరు. పొగాకు బోర్డు 1976లో ఏర్పడి గుంటూరునుండియే పనిచేయుచున్నది. ఉత్తరాంధ్ర తీరమున స్త్రీలు చుట్టను వెలిగించిన కొన నోటిలోపల ఉంచి ‘అడ్డపొగ’ పీల్చు వాడుకయు, దానివలన అంగుటికి వచ్చు కాన్సరును వైద్యగ్రంథములకు ఎక్కినవి. నికొటిను మోటారు జోలికి పోదు. డోపమిను కణములపైన అసిటైల్‌కోలిను అను మఱియొక రసాయనమునకు ఏర్పడిన తాళములు కలవు. నికొటిను ఆ తాళమునకు దొంగచెవి. పొగ పీల్చిన పది యిరువది సెకనులలో అది మెదడును చేరి, తాళము తీసి, డోపమిను కణమును తొందరపెట్టును. నమలు పొగాకులో ఈ పని మెల్లగ జరుగును గాని జరుగకమానదు. మా జిల్లాలో గుబ్బి మొదలగు తావుల విస్తారముగ పండు వక్కలోని ఆరెకోలిను అను సారము కూడ ఇదే జాతి తాళములను కొంత కదల్చును. కావున వక్కయు పొగాకును కలిసిన పొట్లము రెండు దొంగచెవుల గుత్తి వంటిది. పొగాకు లేని వక్క సహితము కాన్సరు కారకమని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించినది.

నాలుగవది కాఫీ, టీలలోని కెఫీను. దీని కథలో మన తెలుగువాని పేరు తలచుకొనక తప్పదు. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు, 1929లో అమెరికాలో ఫిస్కేతో కలిసి, జీవకణములకు శక్తి నిచ్చు ఏటీపీ అను పదార్థమును కనుగొనెను. అదే సంవత్సరమున జర్మనీలో లోమాన్ కూడ స్వతంత్రముగ కనుగొనెను. కణములు పని చేయుకొలది ఏటీపీ ఖర్చగును. దాని అవశేషముగ అడెనోసిను అను పదార్థము ప్రోగుపడును. పగలంతయు పనిచేసిన మెదడులో అడెనోసిను పేరుకొని, ‘ఇక విశ్రమింపుము’ అని చెప్పుచు డోపమిను గ్రాహకముల పనిని నెమ్మదింపజేయును. కెఫీను ఆ అడెనోసిను కూర్చుండవలసిన పీటపై తాను కూర్చుండును. కళ్లెము జారిన గుఱ్ఱమువలె డోపమిను పని కొంత చురుకగును. ఇది మిక్కిలి మెత్తని మార్గము. కొకెయినుతో సమానముగ ఎంచరాదు. కాని అలసట తీరలేదు, అలసట వార్త మాత్రము ఆగినదని గుర్తుంచుకొనవలెను. కాఫీలోని కెఫీను సగము తగ్గుటకు సుమారు ఐదు గంటలు పట్టును. పరీక్షలముందు రాత్రి పదింటికి కాఫీ త్రాగిన విద్యార్థి వేకువ మూడింటికిని సగము కెఫీనుతోనే పండుకొనియుండును.

ఇటలీ దేశమున డి కియారా, ఇంపెరాటో అను ఇద్దఱు 1988లో ఎలుకల మెదడులో సన్నని గొట్టము నుంచి డోపమినును కొలిచిరి. ఆంఫెటమిను, కొకెయిను, నికొటిను, సారాయి, నల్లమందు సారములు — జాతిచే వేఱైనను — అన్నియు కోరికకు సంబంధించిన ఒకే భాగమున డోపమినును పెంచెను. వానిలో ఆంఫెటమిను పెంచినది అన్నిటికంటె హెచ్చు. కొకెయిను, ఆంఫెటమిను జాతులు డోపమినునే కాక నోరడ్రినలిను అను దాని చుట్టమును కూడ పెంచును. గుండె దడదడలాడుట, రక్తపు పోటు పెరుగుట, ఆకలి మందగించుట అందువలననే.

రుచి లేకున్నను మనసేల పోవును?

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు వత్తము. అన్నము, ఆట, మెప్పు మొదలగు సహజమైన సంతోషములు అలవాటైనకొలది డోపమిను స్పందన తగ్గును. అనుకొన్నది అనుకొన్నట్లు జరిగినందున ‘అంతకంటె మేలు’ అను వార్త ఉండదు. ఉత్తేజకము అట్లు కాదు. అది యంత్రమునే కదల్చునది కావున, వేయి మారులు వాడినను వేయి మారులును ‘అనుకొన్నదానికంటె మేలు’ అని అబద్ధపు వార్త పుట్టించును. మెదడు నమ్మును. ఆ పొట్లమునకు, దానిని నమలిన చోటునకు, ఆ సాయంకాలపు వేళకు, తోడున్న మిత్రునకు ఎక్కువ విలువ కట్టుచు పోవును. సాయంత్రమగుటయే దీపము వెలిగినట్లగును, మనసు పరుగెత్తును.

ఇంతలో మఱియొకటి జరుగును. ఎడతెగక నీరు వచ్చిపడుచుండగా అవతలి గట్టువారు కొన్ని తూములను మూసివేయుదురు. అమెరికాలో నోరా వోల్కోవ్ మొదలగువారు 1990 దశాబ్దమున కొకెయిను అలవాటు గలవారి మెదడులను ఛాయాయంత్రములతో పరిశీలించి, వారిలో డోపమిను గ్రాహకములలో ఒక జాతి తక్కువగ నున్నట్లు చూపిరి. తూములు తగ్గిన పొలమునకు సహజమైన వాన చాలదు. చదువు, ఆట, పండుగ, స్నేహము — ఇవి పుట్టించు చిన్న అల గట్టును దాటదు. లోకము చప్పబడును.

ఇంకొక సూక్ష్మము కలదు. బెరిడ్జి అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు తన సహకారులతో కూడి ఎలుకలలో డోపమినును దాదాపు పూర్తిగ తొలగించి చూచెను. అవి తీపిని వెతకికొని పోలేకపోయెను; కాని నాలుకపై తీపి నుంచినచో మునుపటివలెనే చప్పరించెను. అనగా కాంక్ష వేఱు, తృప్తి వేఱు. డోపమిను నడపునది ముఖ్యముగ కాంక్షను. ఉత్తేజకము కాంక్షను పెంచుచు పోగా, తృప్తి నానాటికి తఱుగును. ‘రుచి గూడ లేదు సార్, అయినా పోతాది’ అని ఆ బాలుడు చెప్పినది ఈ శాస్త్రమునకు అక్షరాల సరిపోయినది. నేను దానిని మనోదౌర్బల్యమని కొట్టివేసితిని.

ఒకే ద్రవ్యము — విషము, ఔషధము

ఇంత చెప్పిన పిమ్మట ఉత్తేజకములన్నియు పారవేయదగినవని పాఠకులు తలచినచో అదియు తప్పగును. కొందఱు పిల్లలకు పుట్టుకతోడనే అవధానము నిలువదు, కూర్చున్నచోట కూర్చుండలేరు. 1937లో అమెరికా దేశపు వైద్యుడు చార్లెస్ బ్రాడ్లీ ఇట్టి పిల్లలకు ఆంఫెటమిను జాతి మందు నియ్యగా, పలువురు నెమ్మదించి చదువున మనసు నిలిపిరి. 1944లో స్విట్జర్లాండునందు తయారైన మిథైల్‌ఫెనిడేటు నేడు ఈ చికిత్సలో వాడుచున్నారు.

ఆశ్చర్యమేమనగా ఈ మందు కూడ కొకెయినువలెనే డోపమిను మోటారును ఆపునదే. భేదము వేగమునందును మోతాదునందును కలదు. కొకెయిను పొగగ పీల్చినను, సూదితో ఎక్కించినను కొలది నిమిషములలో, ఒక్క అలగ వచ్చిపడును. వైద్యుడు కొలిచి యిచ్చిన మాత్ర గంటకుపైగ తీసికొని మెల్లగ పైకెక్కును. కాలువలో నీరు పొంగదు, కొంచెము నిలకడగ నుండును. అందుచే పాఠము వినబడును. తుఫానువానయు కొళాయినీరును ఒకే నీరైనను, ఒకటి పైరును కొట్టుకొనిపోవును, ఒకటి తడుపును. కాని ఈ మాత్రలను చీటి లేక కొనుటయు, పరీక్షలకు మార్కులు పెంచునని ఇతర పిల్లల కిచ్చుటయు ప్రమాదకరము. మిథైల్‌ఫెనిడేటు మన దేశమున 1985 నాటి మాదకద్రవ్య శాసనపు పట్టికలోనిది. అవసరమున్న పిల్లవానికి ‘మత్తుమందు’ అను భయముతో చికిత్స మాన్పించుటయు అంతే తప్పు.

కోలుకొనుట

పొగాకు మన దేశమున ఎంత వ్యాపించినదో 2016–17లో జరిగిన వయోజన సర్వేక్షణ చెప్పినది: పదునైదేండ్లు నిండినవారిలో 28.6 శాతము, కర్ణాటకమున 22.8 శాతము. కర్ణాటక ప్రభుత్వము 2013లో గుట్కాను నిషేధించినది. అంతకుముందే 2003 నాటి కేంద్రశాసనము బడికి నూఱు గజముల లోపల పొగాకు అమ్మకమును నిషేధించియుండెను. శాసనములు అవసరమే గాని, రాత్రియంతయు మేలుకొనవలసిన బాలునికి నిద్ర నిచ్చు శాసనము లేదు.

మెదడు కోలుకొనునా యన్న ప్రశ్నకు కొంత ఆశాజనకమైన ఉత్తరము కలదు. వోల్కోవ్ బృందమే 2001లో మెథాంఫెటమిను మానినవారిని మరల పరిశీలించెను. మానిన క్రొత్తలో తగ్గియున్న డోపమిను మోటార్లు, ఏడాది పైబడిన పిమ్మట చాలవఱకు తిరిగి కనిపించెను. నడకకును జ్ఞాపకమునకును పెట్టిన పరీక్షలలో మాత్రము అంతటి మేలు కనబడలేదు. మెదడు మానుపడునది, కాని నిదానముగ. కావున మానిన మొదటి వారములలో లోకము చప్పబడుట, కోపము, నిద్రమత్తు సహజములని ఇంటివారు తెలిసికొనవలెను. ‘మానియు నీవు ఇంతేనా’ యని గద్దించినచో ఆ పిల్లవానికి మిగిలిన చిన్న అలను కూడ మనమే అణచినవారమగుదుము. పదునైదు పదునాఱేండ్ల వయస్సున ఈ జాగ్రత్త మఱింత అవసరము. కోరికకు కళ్లెము వేయు మెదడు ముందుభాగము ఇరువదియైదేండ్ల ప్రాయము వఱకు పెరుగుచునే యుండును.

సహాయము దూరమున లేదు. పొగాకు మానగోరువారికి కేంద్ర ప్రభుత్వపు ఉచిత దూరవాణి 1800-11-2356. ఈ అంకెలు పొగాకు పొట్లములపైననే అచ్చువేయుచున్నారు. మనోవ్యాధులకును వ్యసనములకును 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 అను సంఖ్యపై లభించును, తెలుగులోనే మాటలాడవచ్చును.

ఆ విద్యార్థి విషయమును ముగించి సెలవు తీసికొందును. పై సంగతులు కొంత తెలిసిన పిమ్మట నేను వాని తండ్రిని పిలిపించితిని. ‘పిల్లవానిని తిట్టకుడు, రాత్రి మోటారు కాపు నుండి విడిపింపుడు’ అంటిని. ఆయన చాలసేపు మౌనముగ నుండి, ‘నేనే పోతాను సార్’ అనెను. పిల్లవాడు రెండు మారులు మానెను. ఒకమారు మరల పట్టెను. రెండవమారు మానిన నెలకో, నెలన్నరకో, నేను పద్యము చెప్పుచుండగా వెనుక బల్లనుండి అర్థము అడిగెను. చిన్న ప్రశ్న. ఆ గంట ముగియకమునుపే, ఒకప్పుడు వానిని సోమరియన్న ఆ తరగతిలోనే, ఆ మాట నా తప్పని పదిమంది యెదుట చెప్పితిని.